షష్ఠీ తత్పురుషలో పోయిన ఆట

నేను చేసిన ఉద్యోగమేమిటని చిన్నవారెవరైనా అడిగితే, పట్టికలు వేసేవాడినని చెబుతాను. కువైత్‌లో ఒక ప్రైవేటు కళాశాల క్రీడావిభాగంలో ఇరవై ఏడేళ్లు గుమాస్తాగా పనిచేశాను. మా జట్టు ఏ రోజున, ఏ మైదానంలో, ఎవరితో ఆడాలో ఉత్తరాల మీద కుదిర్చి, ఒక కాగితం మీదికి ఎక్కించి, గోడకు అంటించడం నా విధి. ఇంత అల్పంగా కనిపించే పనిలో ఉండి ఒక మంచి మనిషి బ్రతుకును ఎట్లా పాడుచేయవచ్చునో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఓదార్పు కోరి చదివేవారికి ఇందులో ఏమీ దొరకదు.

ముందుగా నా గర్వం సంగతి చెప్పాలి. నేను ప్రాచ్య కళాశాలలో వ్యాకరణం, ఛందస్సు, కావ్యాలు చదువుకొన్నవాణ్ని. తెలుగు పండితుని కొలువు ఎంతకూ రాకపోగా టైపు నేర్చుకొని సముద్రం దాటాను. చేరిన రెండేళ్లలో దుకాణాల బోర్డులు చూసి అరబ్బీ అక్షరాలు, పాత పాఠ్యపుస్తకాలు కొని వ్యాకరణం, నా అంతట నేనే పట్టుకొన్నాను. అరబ్బీలోనూ మన సమాసాల వంటి కూర్పులున్నాయని గ్రహించిన రోజున ఎంత సంతోషించానో చెప్పలేను. అప్పటినుంచి ఆఫీసుకు వచ్చే అరబ్బీ ఉత్తరాలను ఎవరి సాయమూ లేకుండా చదివి, సారం ఇంగ్లీషులో పట్టికకు ఎక్కించి, మూలాన్ని దస్త్రంలో పెట్టేవాణ్ని. నా పట్టిక గోడమీదికి వచ్చిన తరువాత మూలం చూపమని ఎవరూ అడిగేవారు కారు. అడిగితే నాకు చిన్నతనంగా ఉండేది కూడా.

నేను చేరిన తొలినాళ్లలో మా కళాశాలకూ, హైవే అవతలి కళాశాలకూ ఏటా ఒక ఫుట్‌బాల్ ఆట జరిగేది. దానికి ఒక పేరంటూ లేదు, కప్పు లేదు. అవి రెండూ అక్కరలేనంత పగ ఉండేది. వారం ముందునుంచే అవతలివాళ్లు కార్లలో వచ్చి మా గేటు ముందు హారన్లు మోగించి పోయేవారు. ఒక ఏడు మావాళ్లు ఒక మేకకు వాళ్ల జట్టు రంగు గుడ్డ చుట్టి వాళ్ల ప్రాంగణంలోకి తోలారు. అది ప్రిన్సిపాలుగారి పూలమొక్కలు మేసింది. దాని నిమిత్తం నేను మూడు క్షమాపణ లేఖలు టైపు చేశాను, మూడూ మా విద్యార్థులు నవ్వుతూ సంతకం చేశారు. ఆట ముగిసిన తరువాత ఓడిన జట్టు కెప్టెను నిలబడి, గెలిచిన జట్టులో ప్రతివాడికీ తన చేత్తో గహ్వా పోయాలి. గహ్వా అంటే ఏలకులు వేసి కాచే లేతరంగు అరబ్బీ కాఫీ. పోసేవాడి ముఖం చూడడానికే సగంమంది జనం వచ్చేవారు. చేయి వణకకుండా పోసినవాడిని అవతలివాళ్లు కూడా మెచ్చుకొనేవారు.

ఆ పగ ఎవరూ చంపకుండానే చచ్చిపోయింది. పాతరోజుల్లో రెండు కళాశాలల ఆటగాళ్లూ ఒకే పేటలవాళ్లు, వియ్యపురాళ్ల పిల్లలు, మేనత్త కొడుకులు. ఒకే దీవానియాలో, అంటే మగవాళ్లు సాయంత్రాలు చేరి ముచ్చటించే చావడిలో, ఎదురెదురుగా కూర్చునేవారు. ఓటమిని ఏడాది పొడుగునా అక్కడ భరించవలసి వచ్చేది. తరువాత వచ్చినవాళ్లు సాయంత్రపు తరగతులకు వచ్చి, రెండేళ్లు చదివి, మరో కళాశాలకు మారిపోయేవాళ్లు. వేలమైళ్ల అవతలి ఇంగ్లీషు నగరాల క్లబ్బుల మధ్య ఉన్న వైరాలు వాళ్లకు కంఠస్థం. హైవే అవతల ఎవరున్నారో తెలియదు. ఒక ఏడు ఇసుకగాలి వల్ల, మరో ఏడు పరీక్షల వల్ల ఆట ఆగింది. ఆగినప్పుడు అడిగినవారు లేరు. అదే మొదటి అపశకునమని నేను గుర్తించలేదు. పట్టికలో ఒక గడి ఖాళీ అయిందని మాత్రమే అనుకొన్నాను.

నా ఉద్యోగం చివరి అంకంలో కొత్త డైరెక్టరు వచ్చాడు. మర్యాదస్తుడే, కాని ఆటను చూడడు, అంకెను చూస్తాడు. వచ్చిన నెలలోనే నన్ను పిలిచి, యాజమాన్యానికి విజయాలు చూపించాలన్నాడు. గెలిచేవాళ్లతో ఆడి ఓడటం దేనికి, ఓడేవాళ్లను వెతకమన్నాడు. నేను వెతికాను. వెతకడంలో నాకు సాటి లేదు. ఒక ఉన్నత పాఠశాల రెండవ జట్టు, ఒక బ్యాంకు ఉద్యోగుల జట్టు, సబ్హాన్ గిడ్డంగుల్లో బరువులు మోసే కార్మికుల జట్టు, కబ్ద్ తోటల్లో పనిచేసేవారిని పోగుచేసిన మరో జట్టు. ఇట్లా పదకొండింటిని పేర్చాను. ఒక పండితుడు అబద్ధాన్ని కూడా ఛందోబద్ధంగా రాయగలడన్నమాట.

ఆ ఆటలు చూడడం ఒక శిక్ష. సబ్హాన్ జట్టు పగలంతా పనిచేసి, కంపెనీ బస్సులో, పనిబట్టలమీద జెర్సీలు తొడుక్కొని వచ్చింది. మావాళ్లు పద్నాలుగు గోల్స్ కొట్టారు. మా గోల్‌కీపరు రెండవ అర్ధభాగమంతా స్తంభానికి ఆనుకొని ఫోను చూసుకొన్నాడు. వాళ్ల గోల్‌కీపరు మనవాడే, అన్నమయ్య జిల్లావాడు. ఆట అయ్యాక నీళ్లసీసా ఇవ్వబోతే తీసుకోకుండా నన్ను ఎగాదిగా చూశాడు.

"సార్, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మమ్మల్ని యాల పిల్చినారు? మీతో ఆడేటోళ్లు ఈ దేశంలో ఎవురూ లేరా?"

సరదాకు పిలిచామన్నాను.

"ఎవురి సరదాకు సార్?" అని, నీళ్లు తీసుకోకుండానే బస్సెక్కాడు.

ఇక కోచ్ సంగతి. నైలునది తీరపు దేశంనుంచి వచ్చిన మనిషి, యాభై దాటినవాడు, యౌవనంలో దెబ్బతిన్న కుడిమోకాలు పూర్తిగా మడవలేడు. నన్ను "ఉస్తాద్" అని పిలిచేవాడు, పండితుడా అని అర్థం. మా ఆఫీసులో నా చదువును గుర్తించి పిలిచినవాడు అతడొక్కడే. ఆ ఏడు అతని బ్రతుకు ఒక దారానికి వేలాడుతున్నది. పాడెల్ అని ఒక కొత్త ఆట, గాజుగోడల మధ్య బ్యాటు పట్టి ఆడేది, ఊరంతా అల్లుకుపోయింది. మా మైదానాన్ని తవ్వి ఆ గాజుగదులు కట్టాలని యాజమాన్యం ఆలోచిస్తున్నది. వేసవికి ముందు నిర్ణయం. ఫుట్‌బాల్ పోతే కోచ్ ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, పోతుంది. ఆ వయసులో, ఆ మోకాలితో, మరొకడు అతనికి జట్టు ఇవ్వడు. ఆ మాట అతడే నాకు చెప్పాడు, ఫిర్యాదుగా కాదు, వాతావరణం సంగతి చెప్పినట్లు.

పదకొండు బలహీనపు ఆటల పట్టికను అతడు రెండుసార్లు చదివాడు. తరువాత నా బల్ల మీద వేలు పెట్టి ఇట్లా అన్నాడు.

"ఉస్తాద్, ఈ పదకొండూ మీ డైరెక్టరుకు ఉంచుకో. నాకు ఒక్కటి కావాలి. హైవే అవతలివాళ్లు. గెలుస్తానని చెప్పను. జనం వస్తారు. జనం వచ్చిన మైదానాన్ని ఎవరూ తవ్వరు."

డైరెక్టరు ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. పదకొండు గెలిచాక ఒకటి ఓడినా అంకె చెడదని లెక్కకట్టి చివరకు సరేనన్నాడు. నేను అవతలి కళాశాలకు లేఖ రాశాను. అక్కడి క్రీడావిభాగపు పెద్ద, డెబ్బై ఏళ్ల కువైతీ, ఆ పగ రాజుకొన్న కాలంనుంచి ఉన్నవాడు. పది రోజులకు జవాబు వచ్చింది. కంప్యూటరు ముఖం చూడని మనిషి కావడం వల్ల స్వహస్తంతో, నల్లసిరాతో, పాతకాలపు అందమైన రాతతో రాశాడు. మా ఆహ్వానం చూసి తన హృదయం పదేళ్లు చిన్నదైందని, ఆట తమ మైదానంలోనే జరగాలని, గహ్వా తామే సిద్ధం చేస్తామని, ఎవరు పోయాలో మాత్రం దేవుడు నిర్ణయిస్తాడని రాశాడు. దినం దగ్గర ఇట్లా ఉంది: షాబాన్ పన్నెండవ రాత్రి, లైలతుల్ జుమా, ఇషా నమాజు తరువాత. షాబాన్ వారి నెలలలో ఎనిమిదవది, ఇషా రాత్రివేళ నమాజు.

ఆ లేఖను నేను బిగ్గరగా చదివాను. అంత చక్కని వాక్యాలు ఆ ఆఫీసుకు ఏనాడూ రాలేదు. అప్పుడు గదిలో ఉన్నది మా బస్సు డ్రైవరు ఒక్కడే. రాయచోటి ముస్లిం, పదిహేనేళ్లుగా నాకు తెలిసినవాడు, నన్ను పంతులు సార్ అనేవాడు. బండి ఎప్పుడు కావాలో రాసుకోవడానికి వచ్చాడు.

"అయితే బేస్తవారం సాయంత్రం బండి పెట్టల్ల," అంటూ పుస్తకంలో రాసుకోబోయాడు.

గురువారం కాదయ్యా, శుక్రవారమన్నాను.

"లైలతుల్ జుమా అన్యారు కదా సార్."

నేను నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలచుకొంటే నా పళ్లు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది. విద్యార్థికి చెప్పినట్లు విడమరచి చెప్పాను. లైల అంటే రాత్రి. జుమా అంటే శుక్రవారం. జుమా యొక్క లైల, షష్ఠీ తత్పురుష. శుక్రవారపు రాత్రి. గోడమీది క్యాలెండరు కూడా చూపించాను. షాబాన్ పన్నెండు ఎదుట శుక్రవారమని స్పష్టంగా అచ్చయి ఉంది. శబ్దమూ తేదీ రెండూ కలిసిన తరువాత శంక ఎక్కడిది?

డ్రైవరు కలం మూసి, తల గోక్కున్నాడు.

"మీరు సదువుకున్నోళ్లు సార్, నాకేం తెల్సు. మా ఇండ్లల్ల బేస్తవారాన్ని జుమేరాత్ అంటారు. జుమా రాత్రి అనే కదా అది కూడా. ఎందుకైనా మంచిది, ఆ పెద్దాయనకు ఒక ఫోన్ కొట్టి అడగండి."

అడగనక్కరలేదన్నాను. అతడు శుక్రవారమని రాసుకొని వెళ్లాడు.

చిన్నవారికి విషయం విప్పి చెప్పాలి. మన పంచాంగంలో దినం సూర్యోదయంతో మొదలవుతుంది. అర్ధరాత్రి దాటినా, కోడి కూసేదాకా మనకు అది నిన్నటి రోజే. అరబ్బుల పాత లెక్కలో దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. గురువారం పొద్దుగుంకితే అప్పటికే వారికి శుక్రవారం ప్రవేశించింది. కనుక లైలతుల్ జుమా అంటే గురువారం సాయంత్రం. షాబాన్ పన్నెండవ రాత్రి అన్నా ఆ సాయంత్రమే. ఇప్పటి ఆఫీసు కాగితాలలో ఎవరూ అట్లా రాయరు, గురువారమనే రాస్తారు. అందువల్ల ఇరవై ఆరేళ్లలో నాకు ఆ మాట తటస్థపడలేదు. ఆ వృద్ధుడు మాత్రం తన తండ్రి రాసినట్లు రాశాడు. నేను నా గురువు చెప్పినట్లు చదివాను. సమాసం సరిగ్గానే విడిపోయింది. రాత్రే మారిపోయింది.

పట్టిక గోడకెక్కిన నాటినుంచి ఆటకు పన్నెండు రోజులున్నాయి. ఆ పన్నెండు రోజులలో నా తప్పు బయటపడలేదు. నన్ను అన్నిటికన్నా బాధించేది ఇదే. పగ బ్రతికి ఉన్న కాలంలో ఆ తప్పు ఒక్క గంట నిలిచేది కాదు. అవతలివాడెవడో "బేస్తవారం మీ పని చెప్తాం" అని అరిచి పోయేవాడు, ఇవతలివాడెవడో "శుక్రవారమట కదా" అని తికమకపడి నా దగ్గరికి పరుగెత్తి వచ్చేవాడు. ఇప్పుడు ఒక హారను మోగలేదు. ఒక మేక రాలేదు. రెండు జట్లలో ఏ ఇద్దరికీ ఒకరి నంబరు ఒకరికి తెలియదు. కోచ్ ఒక్కడే తరగతి తరగతికీ కుంటుకొంటూ తిరిగి, "శుక్రవారం సాయంత్రం రండి, చూడండి" అని బ్రతిమాలాడు. పాత విద్యార్థులకు ఫోన్లు చేశాడు. రాత్రివేళ ఆటగాళ్లను ఆపి అదనంగా సాధన చేయించాడు. పద్నాలుగేసి గోల్స్ కొట్టి సోమరులైన ఆ కాళ్లకు మళ్లీ భయం నేర్పడానికి అతడు పడిన శ్రమ నేను కిటికీలోంచి చూశాను. చివరి రెండు రోజులలో మా గోల్‌కీపరు ఫోను బ్యాగులో పెట్టడం నేర్చుకొన్నాడు.

గురువారం నాడు నేను నాలుగు గంటలకే ఆఫీసుకు తాళంవేసి గదికి పోయాను. ఆ సాయంత్రం ఖాళీ గదిలో నా బల్లమీది ఫోను ఏడుసార్లు మోగింది. ఆదివారం దాని చిన్న తెరమీద ఆ ఏడు పిలుపులూ చూశాను, అన్నీ హైవే అవతలి కళాశాలవే.

శుక్రవారం బస్సు నిండుగా వెళ్లాం. కోచ్ ఇస్త్రీ చొక్కా, టై వేసుకొన్నాడు. మా వెనుక పదీ పదిహేను కార్లు వచ్చాయి, పాత విద్యార్థులు కొందరు తమ పిల్లలను కూడా తీసుకువచ్చారు. అన్నేళ్ల తరువాత ఆ దృశ్యం చూసి కోచ్ నా భుజం నొక్కాడు. మైదానం గేటుకు తాళం ఉంది. లోపల దీపాలు లేవు. ముందుగా వచ్చామేమోనని కాసేపు అందరూ నవ్వుకొన్నారు. డ్రైవరు దిగి కాపలావాడితో ఉర్దూలో మాట్లాడి, తిరిగి వచ్చి, బస్సు మెట్టు దగ్గర నిలబడి నాతో మాత్రమే, మెల్లగా తెలుగులో చెప్పాడు.

"నిన్ననంట సార్. రెండు గంటలు కూచ్చున్యారంట. కాఫీ కూడా కాసిపెట్టినారంట."

ఆ బస్సులో ఇంకెవరికీ రాని భాష మాది. అతడు కావాలనే ఆ భాషలో చెప్పాడు. నేను తేరుకొనేంత వ్యవధి నాకు ఇవ్వడానికి. జుమేరాత్ మాట ఎత్తలేదు, ఆ రోజూ, ఆ తరువాతా.

"మీరు చెప్తారా, నేను చెప్పేదా?" అని మాత్రం అడిగాడు.

నేనే చెప్పాను. కోచ్ లేఖ అడిగాడు. సంచిలోంచి తీసి ఇచ్చాను. గేటు దీపం కింద నిలబడి ఆ నల్లసిరా అక్షరాలను పైనుంచి కిందికి చదివాడు. గహ్వా వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగినట్లు అనిపించింది.

"ఈ కాగితం నాకు ఎందుకు చూపలేదు, ఉస్తాద్?"

పట్టికలో ఉంది కదా అనుకొన్నానన్నాను. అతడు లేఖను మడిచి నా చేతిలోనే పెట్టి, వెళ్లి ఆటగాళ్లతో మాట్లాడాడు. వాళ్లలో కొందరు నిజంగా బాధపడ్డారు. కొందరు మిగిలిన సాయంత్రం కలిసివచ్చిందన్నట్లు కార్లెక్కి పోయారు. పాత విద్యార్థులు నా వంక చూడలేదు.

ఆదివారం ఉదయమే నేను హైవే అవతలికి వెళ్లాను. ఆ పెద్దాయన లేచి నిలబడి నన్ను కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. నేను అంతా చెప్పాను. సమాసం సంగతి, క్యాలెండరు సంగతి, సూర్యోదయం సంగతి, నాకు వచ్చిన అరబ్బీలో ఒక్కటీ దాచకుండా చెప్పాను. తప్పు నాదనీ, మా కోచ్ ఆ ఆట కోసమే ఆ ఏడు బ్రతికాడనీ, మళ్లీ ఒక రోజు ఇవ్వమనీ వేడుకొన్నాను. ఆయన శ్రద్ధగా విని, జపమాల తిప్పుతూ చిరునవ్వు నవ్వాడు.

"నీవు ఈ దేశంలో ఎన్నేళ్లుగా ఉన్నావు?"

ఇరవై ఆరన్నాను.

"ఇరవై ఆరేళ్లున్నావు, ఇంత చక్కగా అరబ్బీ మాట్లాడుతున్నావు. లైలతుల్ జుమా తెలియదంటున్నావు." తరువాత ఎంతో మృదువుగా అన్నాడు. "ఈ ఏడు మీరు ఎవరెవరితో ఆడారో విన్నాను. గిడ్డంగి కూలీలతో, బడిపిల్లలతో. మాతో ఆడడానికి మీవాళ్లు భయపడ్డారు. భయపడటం తప్పు కాదు. భయాన్ని ఒక వృద్ధ గుమాస్తా నెత్తిన పెట్టి పంపడం తప్పు. నీవు నమ్మకమైన మనిషివి. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఖలాస్."

బలమైన జట్లతో ఆడి ఉంటే నా పొరపాటును ఆయన పొరపాటుగానే నమ్మి ఉండేవాడు. నేను పేర్చిన ఆ పదకొండు గెలుపులు నా నిజానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాయి. నేను ఎంత చక్కగా మాట్లాడితే అంత అబద్ధంగా వినిపించింది. చివరకు డ్రైవరును వెంట తీసుకుపోయి ఉంటే బాగుండేదని తోచింది. అతని మాటలో చదువు లేదు గనుక నమ్మి ఉండేవారేమో.

డైరెక్టరుకు కూడా రాతపూర్వకంగా నా తప్పు ఒప్పుకొన్నాను. ఆయన చదివి, ఎవరడిగారన్నాడు. పన్నెండింటిలో పదకొండు గెలిచాం, కళాశాల చరిత్రలోనే ఇటువంటి ఏడు లేదు, ఈ కాగితం దస్త్రంలో పెడితే అనవసరపు ప్రశ్నలు వస్తాయని తిరిగి ఇచ్చేశాడు. నేను తీసుకొన్నాను. నా పదవీ విరమణకు ఇంకా పదమూడు నెలలున్నాయి. ఆ అంకె నాకు అప్పుడు బాగా గుర్తుంది.

యాజమాన్యపు సమావేశానికి నేను కాగితాలు మోసుకుపోయాను కనుక చూశాను. విజయాల అంకె తెరమీద పెద్దదిగా వేశారు. ఒక సభ్యురాలు, ఇన్ని గెలిచాం కదా, చూడడానికి ఎంతమంది వచ్చారని అడిగింది. డైరెక్టరు నా వంక చూశాడు. అంకె నా దగ్గర ఉంది. ఏ ఆటకూ ముప్పై దాటలేదు. శుక్రవారం గేటు బయటికి వచ్చినవారిని లెక్కలో ఎక్కడ వేయాలో నాకు తెలియలేదు, వేయలేదు. అయిదు నిమిషాలలో నిర్ణయమైపోయింది. పదకొండు గెలిచిన ఏటనే ఫుట్‌బాల్ తీసివేశారు. ఇప్పుడు అక్కడ ఆరు గాజుగదులున్నాయని విన్నాను. బాగానే నిండుతాయట.

కోచ్ వెళ్లిపోయేముందు అనుభవపత్రం కోసం నా దగ్గరికి వచ్చాడు. మరో దేశంలో ఎక్కడో చిన్న క్లబ్బు ఒకటి అతని వివరాలు అడిగింది. మా పత్రంలో చివరి ఏటి ఫలితాలు జతచేయడం ఆనవాయితీ. ఆడవలసినవి పన్నెండు, గెలిచినవి పదకొండు, పోయినది ఒకటి. ఆ ఒక్కదాని ఎదుట, నియమం ప్రకారం, "జట్టు హాజరుకాలేదు" అని టైపు చేసి ఇచ్చాను. అతడు నిలబడే చదివాడు.

"ఉస్తాద్, ఈ మాట తీసివేయి. ఓడిపోయామని రాయి. మూడు రాయి, నాలుగు రాయి, నీకు తోచినన్ని గోల్స్ రాయి. ఎన్నింటితో ఓడినా నాకు ఫరవాలేదు. ఇది చదివినవాడు, ఎందుకు వెళ్లలేదని అడుగుతాడు. ఏమని చెప్పను? నీ వ్యాకరణం చెప్పనా?"

అతడు హాస్యమాడుతున్నాడేమోనని ముఖం చూశాను. హాస్యం లేదు.

ఆ ఏడంతా కూలీలను జట్లని రాశాను. బడిపిల్లలను ప్రత్యర్థులని రాశాను. యాజమాన్యం ముందు ఆ శుక్రవారపు జనం లేరని రాశాను. వాటిలో ఏదీ రాసేటప్పుడు నా చేయి తడబడలేదు. ఆనాడు మాత్రం నాకు సత్యం గుర్తుకు వచ్చింది. డైరెక్టరు ఆమోదించిన ఫలితాలను మార్చే అధికారం నాకు లేదని, దస్త్రం ప్రకారమే రాయాలని చెప్పాను. ఆ మాట ఎంతో సవ్యమైన వాక్యంగా నా నోటినుంచి వచ్చింది.

అతడు మరొకసారి అడగలేదు. కాగితం మీద అందినట్లు సంతకం పెట్టవలసిన చోటు చూపించాను. పెట్టాడు. దస్త్రానికి ఒక ప్రతి తీసి, ముద్ర వేసి, మూలం అతని చేతికిచ్చి, ఇక వెళ్లవచ్చునన్నాను.